ఐదో రింగు

వీరదుర్గకు కూర్చోవడం చేతకాదు. ఆవిడ నడిపే పెద్దింట్లమ్మ నర్సరీలో కూలికొచ్చే ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే. ఆవిడ అన్నం కూడా నిలబడే తింటుంది. ఎడమచేత్తో కంచం పట్టుకుని, మొక్కల వరసల మధ్య తిరుగుతూ, "ఆ నందివర్ధనాలకి నీళ్ళు చాల్లేదే పాపాయీ" అని కేకలేస్తూ తింటుంది. అలాంటి మనిషి మూడు రోజులుగా ఒకే కుర్చీలో కూర్చుని ఉందంటే జాలి పడాల్సింది ఆవిడ మీద కాదు, ఆ కుర్చీ మీద.

కుర్చీకెదురుగా కొత్త కంప్యూటరు. దాని పక్కన సబ్బుపెట్టంత మోడెం. మోడెంలోంచి బయల్దేరిన వైరు గోడకున్న టెలిఫోను పెట్టెలోకి వెళ్ళింది. కడియం చుట్టుపక్కలున్న పదకొండు నర్సరీల సరుకు జాబితాలు ఆ వైరు గుండా ఆవిడ కంప్యూటర్లోకి రావాలి. శుక్రవారం లోపల రావాలి. మంగళవారం పొద్దున మొదలుపెడితే గురువారం మధ్యాహ్నానికి ఐదొచ్చాయి.

"నడిచెళ్ళి అందర్నీ అడిగి రాసుకొచ్చినా ఈపాటికి అయిపోను కదయ్యా" అంది గణేష్‌బాబుతో, అప్పటికి పదోసారి.

"అప్పాజీగారి నర్సరీ ఒక్కదాన్లోనే ఎనిమిది వందల రకాలున్నాయండి. సైజులూ, ఫోటోలూ. రాస్తే చెయ్యి పడిపోద్దండి" అన్నాడు గణేష్‌బాబు. అతను రాజమండ్రిలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతాడు. ఈ ఏర్పాటంతా అతని బుర్రలో పుట్టిందే. దానికి 'జట్టు' అని పేరు కూడా పెట్టుకున్నాడు.

జట్టు సంగతి చెప్పాలంటే కడియం సంగతి చెప్పాలి. ఇక్కడ ఏ ఒక్క నర్సరీలోనూ అన్ని మొక్కలూ ఉండవు. లారీ ఎక్కడ ఆగితే అక్కడ ఉన్నవి ఎక్కించి, లేనివి పక్కవాళ్ళ దగ్గర్నుంచి తెప్పించి లోడు నింపుతారు. అందుకని మొక్కలు పెంచినవాడి కంటే, ఎవరి దగ్గర ఏ మొక్క ఎన్ని ఉన్నాయో తెలిసినవాడే ఇక్కడ మొనగాడు. ఆ తెలివి పాతికేళ్ళ పాటు పెద్దవాళ్ళ బుర్రల్లో ఉండేది. గణేష్‌బాబు రెండువేల ఒకటిలో దాన్ని తీసి కంప్యూటర్లలో పెట్టాడు. మధ్యలో పెద్ద కంప్యూటరంటూ ఏదీ లేదు. ఎవరి కంప్యూటరు వాళ్ళ షెడ్డులో ఉంటుంది, మిగతా పదింటికీ అదే నేరుగా ఫోను చేస్తుంది, ఆ రోజు అమ్మినవీ కొత్తగా పెట్టినవీ చెప్పుకుంటాయి. మనుషుల మాదిరిగానే అన్నమాట, కాకపోతే కుశల ప్రశ్నలుండవు.

ఇందులో పెద్దవాళ్ళు పట్టుబట్టి పెట్టించిన షరతు ఒకటుంది. ఎవరి సరుకు సంగతి వాళ్ళ నోటే వినాలి. శివరామకృష్ణ దగ్గరేముందో శివరామకృష్ణ కంప్యూటరే చెప్పాలి తప్ప, అప్పాజీ కంప్యూటరు చెప్పకూడదు. మధ్యవాళ్ళు చెప్తే అంకెలు పెరుగుతాయి, తరుగుతాయి, తగువులొస్తాయి. షరతు మంచిదే. జట్టులో ముందునుంచీ ఉన్నవాళ్ళకు దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. ఒక్కొక్కరితో పది నిమిషాల పని. రోజూ ఒంటిగంట నుంచి మూడింటి దాకా, అందరూ భోంచేసి నడుం వాల్చే వేళ, పదకొండు ఫోన్లూ ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ రెండు గంటలూ ఫోను ఎవరూ ముట్టుకోరు.

చిక్కంతా పన్నెండో మనిషికి. వీరదుర్గ కంప్యూటరుకు ఏమీ తెలియదు కాబట్టి ప్రతి ఒక్కరి దగ్గరా మొదటి పేజీ నుంచీ వినాలి. ఒక్కొక్క నర్సరీకి గంట పడుతుంది. మధ్యాహ్నం చేద్దామంటే లైన్లన్నీ ఎంగేజ్, వాళ్ళలో వాళ్ళకే సరిపోతాయి. మిగతా వేళల్లో చేద్దామంటే మనుషులు ఫోను ఎత్తేస్తారు. కంప్యూటరు ఐదో రింగుకు గాని పలకదు. కడియంలో మూడో రింగు దాకా మోగిన ఫోను లేదు.

ఎందుకుంటుంది? ఆ మోగేది పుణె కావచ్చు, కటక్ కావచ్చు, నాలుగు లారీల ఆర్డరు కావచ్చు. ఎత్తడం ఆలస్యమైతే వాడు పక్క నర్సరీకి చేసుకుంటాడు. అందుకే ఫోను మోగితే స్నానం చేస్తున్నవాడు కూడా తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొస్తాడు.

వీరదుర్గ కంప్యూటరు డయలు చేసినప్పుడల్లా మోడెం లోపలి చిన్న స్పీకర్లోంచి అవతలివాళ్ళ గొంతు వినబడేది. "హలో అండీ, చెప్పండి." ఇవతల మోడెం కీచుమని కూసేది. "హలో... హలో... ఎవరండీ?" మళ్ళీ కూత. తరవాత టక్కుమని పెట్టేసిన చప్పుడు. మూడు రోజుల్లో ఆ టక్కు ఎన్నిసార్లు విందో ఆవిడకే లెక్క లేదు. విన్నప్పుడల్లా తన మొహం మీద తలుపేసినట్టే ఉండేది.

"కావాలనే పెట్టేస్తున్నారు" అంది గురువారం సాయంత్రం.

"అయ్యో, అలా ఎందుకనుకుంటారండీ. నేను అందరికీ చెప్పేనండి, కొత్తగా దుర్గమ్మగారు చేరారు, వాళ్ళ మెషిను చేస్తుంది, ఎత్తకండి అని. ఆయ్ అలాగే అన్నారు. చేతికి అలవాటండి. రింగైతే చెయ్యి దానంతటదే వెళ్ళిపోద్ది."

"ఆ కూత వాళ్ళకి తెలీదా? ఏడాది నుంచీ రోజూ వింటున్నారుగా."

గణేష్‌బాబు మిగిలిన నెంబర్ల కాగితం తీసి చూసుకున్నాడు. ఆ మధ్యాహ్నం అతనే రెండు నర్సరీలకు వెళ్ళి, ఫోను పక్కన కాపలా కూర్చుని, రెండు జాబితాలు పంపించి వచ్చాడు. మొత్తం ఏడు. ఇంకా నాలుగు మిగిలాయి. ఆ నాలుగింట్లో, ఎనిమిది వందల రకాలున్న అప్పాజీగారిదొకటి. అది లేకపోతే ఉన్న ఏడూ దండగే.

అప్పాజీగారి పేరు వినగానే వీరదుర్గకు ఒళ్ళు మండింది. మంగళవారం మొట్టమొదట కలిసింది ఆయన కంప్యూటరే. ఆ సమయానికి అక్కడ మనుషులెవరూ లేరేమో, ఐదో రింగుకు పలికింది. జట్టు పద్ధతి ప్రకారం కొత్తవాళ్ళు ముందు తమ జాబితా ఇవ్వాలి, తరవాతే పుచ్చుకోవాలి. వీరదుర్గ దగ్గరున్నది ముప్ఫై ఒక్క రకాలు. అవి నిమిషంలో వెళ్ళిపోయాయి. ఆయనవి రావడం మొదలైన పన్నెండో నిమిషంలో అటువైపు ఎవరో ఫోను ఎత్తారు, లైను తెగింది. వచ్చినంత మేరా చెరిగిపోయింది. సగం జాబితాతో వ్యాపారం చేస్తే తగువులొస్తాయని గణేష్‌బాబే అలా రాశాడట.

"మనది పుచ్చుకున్నారు, వాళ్ళది ఇవ్వలేదు" అని వీరదుర్గ ఆ రోజు నుంచీ అంటూనే ఉంది. కూలికొచ్చే పాపాయితో అంది, గణేష్‌బాబుతో అంది, ఎవరూ లేనప్పుడు క్రోటన్ మొక్కలతో కూడా అంది.

ఆవిడ ఆత్రానికి కారణముంది. అంతర్వేది దగ్గర చేపల వేటకెళ్ళే కుటుంబంలో పుట్టి, అక్కడే పల్లంరాజును కట్టుకుని, నాలుగేళ్ళ క్రితం ఇద్దరూ కడియపులంక వచ్చి రెండెకరాలు కౌలుకు పట్టారు. పల్లంరాజు మొక్కల లారీ నడుపుతాడు, ఆవిడ మొక్కలు పెంచుతుంది. నాలుగేళ్ళలో వాళ్ళ మొక్కలు వేలకు వేలు బయటికెళ్ళాయి, కానీ అన్నీ వేరేవాళ్ళ లోడులోనే వెళ్ళాయి. పెద్దింట్లమ్మ నర్సరీ పేరు మీద ఒక్క లారీ కూడా కదల్లేదు. కిందటి వారం పల్లంరాజు విశాఖపట్నం నుంచి ఎస్టీడీ చేశాడు. అక్కడ శాంతికుమార్ అనే ఆయన పెద్ద కంట్రాక్టుకు మొక్కలు కొంటున్నాడట, శుక్రవారం మధ్యాహ్నం కడియం వస్తాడట. "మన దగ్గరికే రమ్మన్నానే. వస్తానన్నాడు. ఆయనడిగిన రకం ఎక్కడుందో టక్కున చెప్పగలిగితే లోడు మన పేరు మీదే" అన్నాడు. అప్పట్నుంచీ ఆవిడకు నిద్రలో కూడా లారీయే. పక్కన తన నర్సరీ పేరు రాసిన బోర్డు కట్టుకుని ఆ లారీ కాలవగట్టు మీద వెళ్తూ ఉంటుంది.

శుక్రవారం పొద్దున్న ఆరింటికే కంప్యూటరు ముందు కూర్చుంది. మిగిలిన నాలుగు నెంబర్లకూ ఆపకుండా, ఒకదాని తరవాత ఒకటి చేస్తూ ఉండేలా గణేష్‌బాబు ముందురోజే పెట్టి వెళ్ళాడు. వెళ్తూ, "మధ్యమధ్యలో కాసేపు ఆపండి, మీకెవరైనా ఫోను చేస్తారేమో" అన్నాడు. "మాకెవరు చేస్తారు?" అని ఆపకుండానే ఉంచింది.

హలో అండీ, కూత, టక్కు. హలో అండీ, కూత, టక్కు. ఏడున్నరకల్లా ఇరవైసార్లయింది. బయట సన్నగా వాన పడి వెలిసింది. ఆవిడ లేచింది, షెడ్డు గుమ్మం దాకా వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ ఇరవై ఒకటో టక్కు వింది. అక్కడితో ఆవిడ ఓర్పు అయిపోయింది.

"పాపాయీ, ఇలా వచ్చి కూర్చో. ఈ మెషిను ఎవర్నీ ముట్టుకోనివ్వకు. దేవుడొచ్చినా సరే."

"ఆయ్" అంది పాపాయి. మొక్కలకు ఊతంగా పాతే వెదురు కర్రొకటి పుచ్చుకుని మరీ కూర్చుంది.

వీరదుర్గ మోపెడ్ తీసి కాలవగట్టు మీద పడింది. ముందు అప్పాజీ దగ్గరికే పోదామనుకుంది గాని, దారిలో ముందొచ్చేది బుర్రిలంక, శివరామకృష్ణ నర్సరీ. ఆయన పేరు కూడా ఆ నాలుగింట్లో ఉంది. సరే, ముందిక్కడే తేల్చుకుందామని బండి లోపలికి తిప్పింది. దారి పొడుగునా మాటలు వరస పెట్టుకుంటూనే ఉంది. ఒక్కొక్క గతుకు దగ్గరా ఒక్కొక్క మాట పదును తేలింది.

శివరామకృష్ణ షెడ్డులో పీట మీద కూర్చుని మామిడి అంట్లు కడుతున్నాడు. ఒళ్ళో కత్తి, వేళ్ళకు చుట్టిన ప్లాస్టిక్ పట్టీ, నోట్లో ఇంకో పట్టీ. భార్య రత్నమాణిక్యం సంచుల్లో మట్టి నింపే ఆడవాళ్ళ దగ్గరుంది. మధ్యలో బల్ల, బల్ల మీద ఫోను.

"రండి దుర్గమ్మగారూ" అన్నాడాయన, నోట్లో పట్టీ తీసి.

"రావడానికి రాలేదండి. అడగడానికొచ్చాను. మూడ్రోజుల నుంచీ మా మెషిను చేస్తుంటే ఎందుకు పెట్టేస్తున్నారండీ?"

"మెషినా? ఎవరో చేస్తున్నారమ్మా, కీచుమంటుంది, మాట కలవట్లేదు. మా ఆవిడ టెలిఫోను ఆఫీసులో కంప్లయింటు కూడా ఇచ్చింది."

"అబద్ధాలెందుకండీ? మీరు తెలిసే చేస్తున్నారండి." ఈ సీమలో తిట్టు కూడా అండితోనే పూర్తవుతుంది, అందుకని తక్కువ తగులుతుందనుకుంటే పొరపాటు. "మీకు భూములున్నాయి, మేం చేపలు పట్టుకునేవాళ్ళం. మా మొక్కలు మీ లోడుకి కావాలి, మేం మాత్రం మీ పక్కన కూర్చోకూడదు. అంతేగాండీ? మా లిస్టు అప్పాజీగారు హాయిగా పుచ్చుకున్నారండి. ఆయన లిస్టు దగ్గరికొచ్చేసరికి ఫోను ఎత్తేశారు. ఇదంతా ఆయన నేర్పిన బుద్ధేనండి. పెద్దమనిషి, పెద్దమనిషి అంటారు గాని, ఇంకోళ్ళు పైకొస్తుంటే చూడలేని మనిషండి ఆయన!"

మట్టి నింపే ఆడవాళ్ళు చేతులాపేశారు. శివరామకృష్ణ అంటు ఒళ్ళో పెట్టుకుని అలాగే నోరు తెరిచి చూస్తున్నాడు. వీరదుర్గ వెనకవైపు, గేటు దగ్గర, ఏదో బండి ఆగిన చప్పుడైంది. ఆవిడకు వినబడలేదు. ఆ వేడిలో తుపానొచ్చినా వినబడేది కాదు.

"ఇవాళ్టితో తేలిపోవాలండి. జట్టులో ఉంచుతారా, లేదా? ఉంచకపోతే ఆ మాట మొహం మీద చెప్పండి. ఇలా దొంగచాటుగా..."

బల్ల మీద ఫోను మోగింది.

శివరామకృష్ణ చేతులు బంక. రత్నమాణిక్యం నాలుగు బారల దూరంలో ఉంది. రెండో రింగు మోగింది. మాటను మధ్యలో వదిలేసి, ఆగమని శివరామకృష్ణకు ఎడమచెయ్యి చూపించి, కుడిచేత్తో వీరదుర్గే ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

"హలో అండీ, చెప్పండి."

కీచుమని కూత.

"హలో... హలో... ఎవరండీ?"

మళ్ళీ కూత. ఎడతెగకుండా, అలవాటైన వరసలో, మూడు రోజులుగా తన షెడ్డులో పగలూ రాత్రీ విన్న కూత. అటువైపు ఎవరున్నారో ఆవిడకు తెలిసింది. పెద్దింట్లమ్మ నర్సరీ షెడ్డులో, పాపాయి కర్ర పుచ్చుకుని కాపలా కాస్తున్న కంప్యూటరు. దాని పిలుపును తనే ఎత్తి తనే చెడగొట్టింది. రిసీవరు చెవి దగ్గర్నుంచి దించడం కూడా మరిచిపోయింది.

ముందు నవ్వింది రత్నమాణిక్యం. పైటకొంగు నోటికడ్డం పెట్టుకుంది గాని నవ్వు ఆగలేదు. దాంతో మట్టి నింపేవాళ్ళంతా గొల్లుమన్నారు. శివరామకృష్ణ మాత్రం నవ్వలేదు. ఆయన వీరదుర్గ భుజం మీదుగా గేటువైపు చూస్తున్నాడు.

"మూడు రోజులుగా కూసేది మీ మెషిను ఒక్కటే అనుకున్నానండి" అన్న మాట వెనకనుంచి వినిపించింది.

వీరదుర్గ తిరిగి చూస్తే అప్పాజీ. అరవయ్యేళ్ళ మనిషి, తెల్లపంచె అంచుల నిండా స్కూటరు చిమ్మిన బురద. పక్కన ప్యాంటు మడిచి కట్టుకున్న కొత్త మనిషొకాయన. ఎప్పుడొచ్చారో, ఎంతసేపు నిలబడ్డారో అడగనక్కర్లేదు. అప్పాజీ మొహం చూస్తే మొత్తం విన్నాడని తెలుస్తూనే ఉంది.

"ఈయన శాంతికుమార్‌గారు" అన్నాడు అప్పాజీ, వీరదుర్గను చూడకుండా శివరామకృష్ణతో చెప్తున్నట్టుగా. "విశాఖపట్నం నుంచి. తెల్లారకుండానే వచ్చేశారు. దుర్గమ్మగారికి ఫోను చేద్దామంటే ఆరింటి నుంచీ ఎంగేజేనండి. మనిషిని పంపితే అదెవరో కర్ర చూపించి తరిమేసిందట. అమ్మగారు బుర్రిలంక వెళ్ళారని మాత్రం చెప్పింది."

శాంతికుమార్ ముందుకొచ్చాడు. "నమస్కారమండి. పల్లంరాజుగారు చెప్పింది మీ గురించేకదండీ? మాది సముద్రం ఒడ్డున పార్కు పని. పొన్న మొక్కలు నాలుగు వేలు కావాలి. మొగలి, సరుగుడు కూడా. ఉప్పుగాలికి ఆగేవి ఎక్కడా దొరకట్లేదండి. ముందు ఈయన దగ్గర ఆగి అడిగితే, ఈయన కంప్యూటర్లో మీ పేరొక్కటే వచ్చింది."

పొన్న. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఇసకలో రాలిన కాయలేరుకుని, సంచిలో వేసుకొచ్చి పాతిపెట్టినవి. ముప్ఫై ఒక్క రకాల్లో రాస్తూ, వీటినెవరు కొంటారులే అనుకుని అట్టడుగున రాసింది. మంగళవారం నిమిషంలో వెళ్ళిపోయింది ఆ జాబితాయే.

"ఉన్నాయండి. ఐదు వేల దాకా ఉంటాయి" అంది. తన గొంతు తనకే వేరేవాళ్ళదిలా వినిపించింది.

"లారీలో మిగతా జాగాకి కావాల్సినవి నా దగ్గరున్నాయి, కొన్ని శివరామకృష్ణ దగ్గరున్నాయి" అన్నాడు అప్పాజీ. "సాయంత్రంలోగా కడియపులంక తోలిస్తాం. ఎక్కించడం మీ దగ్గరే. లోడు మీ పేరు మీదే రాయించుకోండి." ఇంతా చెప్పి స్కూటరు దగ్గరికి నడిచాడు. ఆవిడ "అప్పాజీగారూ" అని పిలిచింది. ఆయన వినబడనట్టే స్కూటరు తన్ని, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. విన్నాడో లేదో ఆవిడకు తెలియలేదు. విన్నాడనే అనుకుంది.

ఆ తరవాత జరగాల్సినవన్నీ సవ్యంగా జరిగాయి. శాంతికుమార్‌ను శివరామకృష్ణ తన మోటారుసైకిలు మీద దింపాడు. ఆయన పొన్న మొక్కల్ని ఒక్కొక్క వరసా చూసి, రెండు సంచులు చింపి వేళ్ళు చూసి, తృప్తిపడి ఆర్డరు రాశాడు. ఆర్డరు పుస్తకంలో మొదటి కాగితం, పైన అచ్చుపడిన పెద్దింట్లమ్మ నర్సరీ పేరు, కింద ఆయన సంతకం. మూడింటికి లారీ వచ్చి నిలబడింది. నాలుగింటికి అప్పాజీ తోలించిన ట్రాక్టరు వచ్చింది, వెనకే శివరామకృష్ణది. పాపాయి కర్ర పారేసి, తనే లారీ కొన్నంత సంబరంగా మొక్కలు అందిస్తోంది.

వీరదుర్గ మాత్రం ఎక్కడా నిలవలేకపోయింది. లారీ దగ్గరికి వెళ్ళేది, చేతిలో మొక్క పట్టుకుని మరిచిపోయేది, షెడ్డులోకి వచ్చేది. కావాలనుకున్నది చేతికొచ్చింది. మూడు రోజుల ఆత్రం తీరాలి. తీరలేదు. పొద్దున తనన్న ప్రతి మాటా ఒక్కొక్కటే తిరిగొచ్చి చెవిలో పడుతోంది. ఇంకోళ్ళు పైకొస్తుంటే చూడలేని మనిషి. అదీ అంతమందిలో, కూలివాళ్ళ ముందర, ఊరుకాని ఊరి మనిషి ముందర.

ఐదు కావస్తుండగా గణేష్‌బాబు వచ్చాడు. "ఏంటండీ దుర్గమ్మగారూ, మొదటి లోడు, స్వీటు లేదా?" అంటూ వచ్చినవాడు ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. ఆవిడ దాచకుండా మొత్తం చెప్పేసింది. తనన్న మాటలు కూడా, ఒక్కటీ తగ్గించకుండా చెప్పింది.

"నన్ను జట్టులో చేర్చుకునేటప్పుడు ఆయనేమన్నాడు గణేషూ? నిజం చెప్పు. వద్దన్నాడా?"

గణేష్‌బాబు తల గోక్కున్నాడు. "ఏమీ అన్లేదండి. పన్నెండో ఆవిడ ఎవరన్నారు. చెప్పేను. ఫోనుందా అన్నారు. ఉందన్నాను. అయితే ఇంకేంటి అన్నారు. అంతేనండి."

అంతే. మూడు రోజులుగా తను ఆ మనిషి చుట్టూ కట్టిన కోటకు అంతే పునాది. వద్దన్నాడని తెలిస్తే ఎంతో కొంత తెరిపిగా ఉండేది. పట్టుబట్టి చేర్పించాడని తెలిసినా వెళ్ళి కాళ్ళమీద పడేది. ఆయనకసలు ఆ ఆలోచనే రాలేదు.

"మిగతా నాలుగూ మళ్ళీ పెట్టమంటారా?" అన్నాడు గణేష్‌బాబు.

"వద్దు" అంది. వంగి, మోడెం వైరు పీకేసి, మూలన పడి ఉన్న మామూలు ఫోను తెచ్చి తగిలించింది. నిలబడే నెంబరు తిప్పింది. అది పుస్తకం చూడకుండానే వేళ్ళకొచ్చేసింది, మూడు రోజులుగా తెర మీద చూస్తున్న నెంబరే కాబట్టి.

రెండో రింగుకే ఎత్తారు.

"హలో అండీ, చెప్పండి."

అప్పాజీయే. పొద్దుటి విసురు లేదు, కొనేవాళ్ళకి పలికే మామూలు గొంతు. వీరదుర్గ నోరు తెరిచింది. ట్రాక్టరు చప్పుడుకు చెవి మూసుకుని, చెప్పాలనుకున్న మాట కోసం వెతికింది. అంతమందిలో నోరు పారేసుకోవడానికి క్షణం పట్టలేదు, ఇప్పుడు ఒక్క మాట నాలిక దాటడం లేదు. ఏడుపు అడ్డం పడింది. గొంతులోంచి సన్నగా ఏదో చప్పుడు మాత్రం వచ్చింది.

"హలో... హలో..."

అటువైపు ఆయన కాసేపు విన్నాడు. తరవాత రిసీవరు కాస్త దూరం జరిపి గుమాస్తాను పిలవడం వినిపించింది. "ఒరే అబ్బులూ, దుర్గమ్మగారి మెషినులా ఉందిరా. మళ్ళీ మోగుద్ది, ఎవరూ ఎత్తకండి. లోపల ఆడవాళ్ళకి కూడా చెప్పు. గంట సేపు ఎవరూ ముట్టుకోవద్దు."

"సీజనండీ, ఈ టైములో పుణెవాళ్ళు..." అంటున్నాడు అబ్బులు.

"రేపు చేసుకుంటార్లేరా" అన్నాడు అప్పాజీ. మెల్లగా ఫోను పెట్టేశాడు. ఈసారి టక్కుమనలేదు.

"అయ్యో, నేనండీ" అంది వీరదుర్గ, తెగిపోయిన లైనులో. కంగారుగా నొక్కి మళ్ళీ నెంబరు తిప్పింది. ఒక అంకె తప్పింది, మళ్ళీ తిప్పింది. ఈసారి మాట సిద్ధంగా ఉంది. ఎత్తగానే చెప్పేస్తుంది.

ఒక రింగు. రెండు. ఇప్పుడెత్తుతాడనుకుంది.

మూడో రింగు మోగింది. ఆ షెడ్డు ఆవిడకు తెలుసు. బల్ల మీద ఫోను, పక్కన అప్పాజీ కుర్చీ, చెయ్యి చాస్తే అందేటంత దూరం. ఆ పక్కనే అబ్బులు. ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చుని ఉంటారు, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"ఎత్తండి అప్పాజీగారూ" అంది. "నేనండీ, దుర్గనండీ, ఎత్తండి." మోగే ఫోనుకు మాట వినబడదని తెలిసి కూడా అంది.

నాలుగు.

గణేష్‌బాబు వైరు పట్టుకుని లేచాడు. "పెట్టేయకండి, లైను అలాగే ఉంచండి, నేను మోడెం కలుపుతాను" అంటున్నాడు. ఆవిడ ఫోను వదల్లేదు.

ఐదో రింగు సగంలో ఆగి, అప్పాజీ కంప్యూటరు పలికింది. చెవిలో కీచుమని కూత మొదలైంది. వీరదుర్గ రిసీవరు చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"తప్పైపోయిందండి" అంది. ఆ కూతకే చెప్పింది. అది ఆగకపోతే మళ్ళీ చెప్పింది.